అడుగు గిన్నెలో రంగసామి జుట్టు

తంగవేల్ టిఫిన్ క్యారియర్‌కు మూడు గిన్నెలు. ఆ గురువారం సాయంత్రం నాలుగు గంటలకు మొదటి షిఫ్టు వదిలాక, ఉడుమలైపేట అవతల ఉన్న నూలుమిల్లు గేటు దగ్గర కావలి చెల్లప్ప ఆ మూడింటినీ పద్ధతి ప్రకారం తెరిచి చూశాడు. పై గిన్నెలో నాలుగు పెరుగన్నం మెతుకులు. మధ్య గిన్నెలో సగం కొరికిన నిమ్మకాయ ఊరగాయ బద్ద. అడుగు గిన్నెలో జుట్టు.

చెల్లప్ప పదకొండేళ్లుగా ఆ గేటులో ఉన్నాడు. పంచె మడతల్లో దాచిన నూలు కండెలు పట్టుకున్నాడు. తలపాగాలో చుట్టిన నూలు చిలప పట్టుకున్నాడు. ఒకసారి ఎండాకాలంలో గొడుగుతో వచ్చినవాణ్ణి అనుమానించి, గొడుగులోంచి రెండు శేర్ల దూది దులిపించాడు. జుట్టు మాత్రం ఇదే మొదలు. మూతపెట్టి, మళ్లీ తీసి చూశాడు. ఇంకా జుట్టే ఉంది.

"ఏందప్పా ఇది?"

"జుట్టు."

"అది తెలుస్తా ఉండాది. ఎవురిది?"

తంగవేల్ ఉన్నమాట చెప్పాడు.

"కారమడై రంగసామిది."

వెనక వరసలో నిలబడ్డవాళ్లు ముందుకు జరిగారు. మేస్త్రి కుప్పుసామిని చెల్లప్ప పిలిపించాడు. కుప్పుసామి వచ్చి గిన్నెలోకి చూసి, ఒక వేలితో కదిలించి, మిల్లులో ఏ ఖాతాలోనూ ఇలాంటి సరుకు లేదని తేల్చాడు. అయినా పట్టుబడిన వస్తువు పుస్తకంలో ఎక్కాలని చెల్లప్ప పట్టు. ఆ రోజు గేటు పుస్తకంలో ఆయన రాసుకున్నది ఇది: తల వెంట్రుకలు, ఒక గిన్నె, మిల్లుది కాదు.

రాయడం అయ్యాక కుప్పుసామి తంగవేల్‌ని పక్కకు తీసుకుపోయాడు.

"బిడ్డకి జొరం, మదురైలో చూపిస్తా ఉండాము అంటివి. జొరానికి జుట్టు రాలుతాదా?"

మూడు వారాలుగా నాలుక చివరి దాకా వచ్చి వెనక్కి పోతున్న మాటను అప్పుడు, ఆ గేటు పక్కన, సైకిళ్ల మధ్య నిలబడి తంగవేల్ చెప్పాడు. రెండేళ్లు నిండిన తన కూతురు వళ్లికి రక్తంలో క్యాన్సర్.

తంగవేల్ రింగ్ ఫ్రేముల దగ్గర తెగిన పోగులు అతికే పనిలో ఉండేవాడు. కదురు తిరుగుతూనే ఉండాలి, తెగిన కొసను రెండు వేళ్లతో పట్టి కలపాలి. గట్టిగా పడితే మళ్లీ తెగుతుంది, వదులుగా పడితే జారిపోతుంది. ఆ పట్టు తెలిసినవాడని మిల్లులో పేరు. మాట పట్టు మాత్రం అంతంతే. ఎవరైనా ఎదురుగా నిలబడి అడిగితే, నిజమో అబద్ధమో ఏది ముందు దొరికితే అది చెప్పి బయటపడేవాడు. ఇంతవరకూ దానివల్ల ఎవరికీ నష్టం రాలేదు.

వళ్లికి జ్వరం తగ్గకపోవడం, ఒంటిమీద దెబ్బ తగలకుండానే నల్లటి మచ్చలు పడడం చూసి ఉడుమలైపేట డాక్టరు మదురై పంపించాడు. మదురై పెద్దాసుపత్రిలో ఒక డాక్టరమ్మ తంగవేల్‌నీ, అతని భార్య సౌందరాన్నీ కూర్చోబెట్టి తమిళంలో నిదానంగా చెప్పింది. ఇదివరకైతే ఇంటికి తీసుకుపొమ్మనేవాళ్లు. ఇప్పుడు మందులు వచ్చాయి. బతికే పిల్లలు బతుకుతున్నారు. కానీ ప్రతి బుధవారం సూది పడాలి, ఒక్క బుధవారం కూడా తప్పకూడదు. కాచిన నీళ్లే తాగించాలి. జనం గుమిగూడే చోటికి తీసుకుపోకూడదు. జుట్టు రాలుతుంది, భయపడొద్దు, మళ్లీ వస్తుంది. ఒంటిమీద కత్తిగాటు పడకూడదు, పడితే రక్తం ఆగదు, చీము పడుతుంది.

ఇన్ని విన్న తంగవేల్‌కు అన్నిటికంటే ఎక్కువ గుచ్చుకున్నది జుట్టు సంగతి. ఎందుకంటే ఆ జుట్టు వళ్లిది కాదు.

వళ్లి పుట్టినప్పుడు మెడకు పేగు చుట్టుకుని, ఏడవకుండా పుట్టింది. అప్పుడు తంగవేల్ తల్లి మూకాయి, ఈ బిడ్డ ఏడిస్తే మూడో ఏట మొదటి జుట్టు నీకే అని కారమడై రంగనాథునికి మొక్కుకుంది. వళ్లి వెంటనే ఏడ్చింది, ఆపైన ఆపనేలేదు. ఆనాటినుంచి ఆ తలమీద కత్తెర పడలేదు. మూకాయి రోజూ ఆముదం పట్టించి, దువ్వి, రెండు జడలు వేసేది. దువ్వెనలో ఒక వెంట్రుక మిగిలినా సామి సొత్తు అని గోడ సందులో దోపేది. అలాంటి జుట్టు ఆసుపత్రి దిండు మీద కుప్పగా రాలుతుంటే సౌందరం ఒక్కొక్కటీ ఏరి కాగితంలో పెట్టేది. మొదటి నెల తల్లీబిడ్డలు ఆసుపత్రిలోనే ఉన్నారు. తంగవేల్ బుధవారం సెలవు పెట్టి పోయి, గురువారం తెల్లారగట్ల బస్సెక్కి నేరుగా మిల్లులో దిగేవాడు. వేరే సంచి లేక ఆ గురువారం జుట్టును అడుగు గిన్నెలో పెట్టుకొచ్చాడు. అందువల్ల చెల్లప్పకు అతను చెప్పిన జవాబు, అతని లెక్కలో, వంద శాతం నిజం.

ఆ తర్వాత మిల్లులో ఎవరూ ఏమీ అడగలేదు. కుప్పుసామి అతని వారపు సెలవును ఆదివారంనుంచి బుధవారానికి మార్పించాడు. చెల్లప్ప మాత్రం ప్రతి గురువారం అడుగు గిన్నె తెరిచి, "ఈ వారం తక్కువే" అని మూత పెట్టేవాడు. నాలుగో వారం గిన్నె ఖాళీగా ఉంది. చెల్లప్ప దాన్ని బోర్లించి చూసి, మూత పెట్టి ఇచ్చేశాడు.

ఇక ఆకలి కథ. సూదితోపాటు వళ్లికి రోజూ తెల్ల మాత్రలు ఇచ్చారు. ఆ మాత్రల గుణమేమో, గుప్పెడు అన్నం తినడానికి వీధంతా తిప్పించుకునే పిల్ల ఒక పూటకు ఆరు ఇడ్లీలు తిని, పక్క మంచం వాళ్ల ఇడ్లీలవైపు చూడడం మొదలుపెట్టింది. ఇడ్లీలోకి చట్నీ వద్దు, ఊరగాయ కావాలి. ఊరగాయ అయిపోతే జాడీ కావాలి. ఇంటికి పంపాక, వారం వారం బస్సులో మదురై పోయి రావడం మొదలైంది. ఆ దారిలో పళని బస్టాండులో ఉడికించిన వేరుశనగ, ఒడ్డన్‌సత్రంలో మొక్కజొన్న, దిండుక్కల్లో మళ్లీ ఇడ్లీ. మదురై చేరేసరికి తంగవేల్ జేబులోనూ సౌందరం సంచిలోనూ తినేదేదీ మిగిలేది కాదు. వళ్లి మాత్రం "ఇంకేముండాది?" అని ఇద్దరినీ మార్చి మార్చి చూసేది.

మొహం కొత్త కుండలాగా గుండ్రంగా అయింది. బస్సులో ఆడవాళ్లు బుగ్గలు గిల్లేవాళ్లు. ఒకామె తన చిక్కిపోయిన మనవణ్ణి ముందుకు తోసి సౌందరాన్ని అడిగింది.

"ఏం పెట్టి పెంచుతుండావమ్మా బిడ్డని? మావాడు చూడు, ఈనెపుల్ల మాదిరి ఉండాడు."

సౌందరానికి అబద్ధం రాదు. "మాత్రలు" అంది.

"పేరేంది? చెప్పు, రాసుకుంటాను."

సౌందరం బెదిరిపోయి, మాత్రల పొట్లాన్ని జాకెట్లోకి తోసేసింది. అడిగినామె అది చూసి, కొందరు మంచి సంగతులు దాచుకుంటారని బస్సు మొత్తానికి వినబడేలా అంది.

ఇవన్నీ తట్టుకోవచ్చు. తట్టుకోలేని పొరపాటు ఇంకో బుధవారం, మదురైనుంచి తిరిగొచ్చేటప్పుడు జరిగింది. చేసింది తంగవేల్.

బస్సు పళనిలో ఆగింది. మురుగన్ కొండ దిగి వచ్చిన యాత్రికులు పదిమంది ఎక్కారు. అందరివీ గుండ్లే, అందరి గుండ్లమీదా చందనం. కిటికీ పక్కన తల్లి ఒళ్లో కూర్చున్న వళ్లి తల కూడా అలాగే నున్నగా మెరుస్తోంది. చూసినవాళ్లెవరికైనా ఆ పిల్ల వాళ్ల జట్టులో మనిషే. ఒక ముసలాయన ఆప్యాయంగా వంగి, తన గుండుమీది చందనం వేలితో తీసి వళ్లి గుండుకు పూశాడు. పంచామృతం డబ్బా తెరిచి ఒక్క చుక్క నాకించాడు. ఒక్క చుక్క అని ఆయన అనుకున్నాడు. డబ్బా తిరిగి ఆయన చేతికి వచ్చేసరికి అడుగు కనిపిస్తోంది.

అప్పుడే కండక్టరు అళగిరిసామి వచ్చాడు. ఇతను వాళ్ల పక్క వీధివాడే, వాళ్లలాగే ఇంట్లో తెలుగే.

"ఏంది తంగవేలూ, పాపకి మొట్ట కొట్టిస్తివా? పళనిలోనా?"

చుట్టూ చందనం గుండ్లు ఆసక్తిగా తిరిగాయి. క్యాన్సర్ అనే మాట ఆ బస్సులో, ఆ చందనం వాసనలో, నోట్లోంచి ఎలా తీయాలో తంగవేల్‌కు తోచలేదు. ముందు దొరికింది చెప్పేశాడు.

"ఆమాన్నా, పళనిలోనే."

అళగిరిసామి టికెట్టు వైపు చూశాడు. "మదురైనించి ఎక్కినావు కదప్పా. ఎప్పుడు దిగితివి, ఎప్పుడు కొట్టిస్తివి?"

"బస్సు పది నిముషాలు ఆగెనే."

సౌందరం కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయింది. అళగిరిసామి, పళనిలో పని అంత చురుగ్గా జరుగుతుందని ఇన్నాళ్లూ తెలియనందుకు తల పంకించుకుంటూ వెనక్కి పోయాడు.

మరునాడు పొద్దున రేషన్ షాపు వరసలో అళగిరిసామి మూకాయిని చూసి, "అత్తా, మనవరాలికి పళనిలో మొట్ట కొట్టిస్తిరంటనే, పంచామృతం మాకు లేదా?" అని నవ్వుతూ అడిగాడు.

మూకాయి కిరసనాయిలు డబ్బా అక్కడే వదిలేసి ఇంటికి వచ్చింది. మిల్లునుంచి తంగవేల్ వచ్చేదాకా వాకిట్లోనే కూర్చుంది. సైకిలు స్టాండు వేయకముందే అందుకుంది.

"రేయ్, రంగడి జుట్టు మురుగడికి ఇస్తివంటనే."

"ఇయ్యలేదమ్మా. ఊరికే చెప్తిని."

"సామి జుట్టు ఊరికే చెప్తారా? ఇప్పుడు వాడు నాదని అనుకోడు, వీడు నాదని అనుకోడు. ఇద్దరికీ కాకుండా బిడ్డ మధ్యలో నిలబడిపోయె. ఎవురు చూస్తారురా దాన్ని?"

నిజం చెప్పాలంటే, బస్సు దిగినప్పటినుంచి తంగవేల్‌ని కూడా అదే పీకుతోంది. మూకాయి అక్కడితో ఆగలేదు. కారమడైలో మాసి నెల తేరు పండగ దగ్గరికొచ్చింది. బుధవారం మంచి రోజు. బిడ్డను తీసుకుపోయి, ఉన్న నూగుమీదే కత్తి పెట్టించి, తప్పయిందని చెప్పుకుని రావాలి.

"బుధవారం సూది."

"ఒక్క సూది తప్పితే ఏమైతాది?"

"ఒక్కటి గూడా తప్పకూడదని డాక్టరమ్మ చెప్పెనే. కత్తి తగలకూడదు, కూట్టంలోకి పోకూడదు. తేరుకి లక్ష మంది వస్తారు కదమ్మా."

"డాక్టరమ్మ సామికంటే పెద్దదా?"

తిండి మధ్యలో ఉన్న వళ్లి తలెత్తి అందరినీ చూసి, ఊరగాయ బద్దను భద్రంగా చప్పరించింది. సౌందరం అత్తముందు గొంతెత్తే మనిషి కాదు. ఇప్పుడు పొయ్యి దగ్గరినుంచే, నిదానంగా, "అత్తా, నేను బుధవారం మదురై పోతుండాను. వళ్లి నాయన వచ్చినా సరే, రాకపోయినా సరే" అంది.

మూకాయి మొహం ముడుచుకుపోయింది. మనవరాలి విషయంలో ఆమెకు ఉన్నది మొండితనం కాదు, భయం. ఆ భయానికి దారి తెలిసింది ఒక్క కారమడైకే. తంగవేల్‌కు అది అర్థమైంది. లోపలికి పోయి, బియ్యం డ్రమ్ము వెనకనుంచి టిఫిన్ క్యారియర్ అడుగు గిన్నె తెచ్చి తల్లి ముందు పెట్టాడు. ఆమె చూస్తే రోజూ ఏడుస్తుందని ఇన్నాళ్లూ అక్కడ దాచాడు.

మూకాయి మూత తీసింది. గిన్నెలో వంగి వాసన చూసింది.

"నా ఆముదమే" అంది.

"ఒక్క వెంట్రుక పోలేదు. మిల్లు గేటు పుస్తకంలో గూడా ఎక్కి ఉండాది. పళనికి ఏమీ ఇయ్యలేదు."

మూకాయి గిన్నెకు మూత పెట్టి ఒళ్లోకి తీసుకుంది. "సరి. మీరు బిడ్డను మదురై తీసకపోండి. నేను దీన్ని కారమడై తీసకపోతాను" అంది. రెండు దిక్కులకూ రెండు బస్సులుండగా ఆ సంగతి అంతవరకూ ఎవరికీ తట్టలేదు.

బుధవారం సూది పడింది. సూది వేసే గదిలో తంగవేల్ పని పట్టుకోవడం. వెన్నులో సూది వేసే రోజుల్లో పిల్లను చుట్టచుట్టి, మోకాళ్లు గడ్డానికి ఆనించి, ఊపిరి తప్ప ఇంకేదీ కదలకుండా పట్టుకోవాలి. నర్సు మొదటిసారి ఇద్దరు ఆయాలను పిలిచింది. తర్వాత, ఈ నాయన చాలు అని వాళ్లను పంపేసింది. గట్టిగా కాదు, వదులుగా కాదు. పట్టుకుని చెవిలో రింగ్ ఫ్రేము మోత మోగించేవాడు, గుర్రుమని. వళ్లి మొదట్లో తన్నేది, కొరికేది, నర్సును తనకొచ్చిన ఒకే ఒక్క తమిళ తిట్టు తిట్టేది. ఆ బుధవారం మాత్రం మంచం ఎక్కి, తనంతట తనే పక్కకు తిరిగి పడుకుని, "నాయనా, పట్టుకో" అంది.

తంగవేల్ పట్టుకున్నాడు. ఆరోజు చెవిలో మోత సరిగ్గా రాలేదు.

గురువారం సాయంత్రం వాళ్లు ఇంట్లో ఉండగా మూకాయి కారమడైనుంచి వచ్చింది. ముసుగు తీసేసరికి నున్నటి గుండు. యాభై ఎనిమిదేళ్ల తల మీద చెవులు మాత్రం పెద్దవిగా కనబడ్డాయి. చంకలో గిన్నె అలాగే ఉంది.

"ఇదేందమ్మా?"

"తల లేని జుట్టు తీసుకునేది లేదనిరి. కత్తి పడాలంట, ఎవురిదో ఒక తల కావాలంట. నాది ఇస్తిని. పాపది తర్వాత వస్తాది, అంతదాకా ఇది ఉంచుకో అని చెప్తిని. సరే అనె."

"ఎవురు, సామినా?"

"మొట్ట కొట్టేవాడు."

వళ్లి దగ్గరికి వచ్చి, అవ్వ ఒళ్లోకెక్కి, ఆ గుండును రెండు చేతులతో తడిమింది. తర్వాత తన గుండును తడుముకుంది. లెక్క కుదిరింది.

"అవ్వకి సూదా?" అంది జాలిగా.

వచ్చే బుధవారం అవ్వ కూడా రావాలని, ముందు అవ్వకే వేయాలని పట్టుబట్టింది. మూకాయి జన్మలో ఆసుపత్రి గడప తొక్కనిది, గుండుతో మదురై వెళ్లి, మనవరాలి మంచం మీద కూర్చుని చెయ్యి చాచింది. నర్సు సూది లేని సిరంజితో నొక్కింది. మూకాయి నిజంగానే "అమ్మా" అంది. వళ్లి ఆమె భుజం తట్టి, "అయిపోయె, అయిపోయె" అని ధైర్యం చెప్పింది. తిరుగు బస్సులో రెండు గుండ్లూ పక్కపక్కన కూర్చుంటే, పళనినుంచేనా అని అళగిరిసామి అడగనైనా లేదు. నేరుగా పంచామృతం కోసం చెయ్యి చాచాడు. ఈసారి తంగవేల్ అతన్ని వెనక సీటుకు తీసుకుపోయి, నిజం చెప్పాడు. ఆ రోజునుంచి ఆ బస్సులో డ్రైవరు వెనక సీటు బుధవారం వాళ్లకు తప్ప ఇంకెవరికీ దొరికేది కాదు.

అన్ని బుధవారాలూ ఇలా నవ్వుకునేవి కావు. ఆ ఆడి నెలలో జ్వరం వచ్చి పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. పక్క మంచంలో వళ్లికి బొమ్మ బస్సు ఇచ్చిన పిల్లవాడు ఒక పొద్దున లేడు. మంచం మీద కొత్త దుప్పటి పరిచి ఉంది. వాడేడీ అని వళ్లి అడిగితే, ఊరికి పోయినాడని సౌందరం చెప్పింది. సౌందరం చెప్పిన మొదటి అబద్ధం అదే. బాగా చెప్పింది, తంగవేల్ కంటే మేలుగా.

సూదులు వారానికొకటి కాస్తా నెలకొకటి అయ్యాయి, తర్వాత మాత్రలే మిగిలాయి. రెండున్నరేళ్లకు డాక్టరమ్మ కాగితాలన్నీ తిరగేసి, ఇక మందులు చాలు, చూపించుకోవడానికి మాత్రం వస్తూ ఉండండి అంది. తంగవేల్ గుమ్మందాకా పోయి వెనక్కి వచ్చి, "అమ్మా, ఇంక కత్తి పెట్టొచ్చా?" అని అడిగాడు. ఆమె ఏ ఆపరేషనో అనుకుని కంగారుపడింది. విషయం తెలిశాక, పెట్టుకోండి, కొత్త బ్లేడు వేయమనండి అంది.

అప్పటికి వళ్లి తలనిండా జుట్టు. కాకపోతే సాఫుగా ఉండేది ఈసారి ఉంగరాలు తిరిగి వచ్చింది. ఇది నేను మొక్కింది కాదేమో అని మూకాయి కొన్నాళ్లు సందేహపడింది. ఆముదం పట్టించి చూసి, వాసన అదే కాబట్టి ఒప్పుకుంది.

తేరు జనమంతా సద్దుమణిగాక, ఒక బుధవారమే, నలుగురూ కారమడై వెళ్లారు. మూకాయి చంకలో అడుగు గిన్నె. గుండు గీసే మాడసామి ఆమెను గుర్తుపట్టాడు. తంగవేల్ ఇచ్చిన కొత్త బ్లేడు కత్తికి తొడిగి, వళ్లిని తండ్రి ఒళ్లో కూర్చోబెట్టి, తల తడిపి మొదలుపెట్టాడు.

ఐదేళ్ల వళ్లి కోనేటి మెట్ల మీది కోతిని చూడాలని అటు తిరిగింది. బుడగలమ్మేవాణ్ణి చూడాలని ఇటు తిరిగింది. మెడమీద నీళ్లు కారితే కిలకిల నవ్వి భుజాలు ఎగరేసింది. కత్తి పైకెత్తి మూడుసార్లు ఆగాడు మాడసామి. తండ్రి చేతులు చూస్తే పిల్ల నడుం మీద ఊరికే ఆనించి ఉన్నాయి.

"ఏమప్పా, బిడ్డని గెట్టిగా పట్టుకో. ఇట్ల కదలతా ఉంటే నేను పని చేసేదెట్ల?"

"కదలనీన్నా, రెండున్నరేండ్లు కదలకుండా పట్టుకొనే ఉంటిని."